పదిహేడో బావి చప్పుడు

మా బావకు ఒక దురలవాటు ఉండేది. ఎవరింటికి వెళ్లినా, వాళ్లు కూర్చోమని కుర్చీ లాగేలోపే తల ఒక పక్కకు వంచి, "మీ స్నానాలగదిలో కుళాయి కారుతోందండీ" అనేవాడు. వెళ్లి చూస్తే నిజంగానే కారుతూ ఉండేది. నాకు పిల్లనిస్తారో లేదో ఇంకా తేలకముందే, కాబోయే మామగారింట్లో కూడా అదే మాట అన్నాడు. ఈ రోజుకీ మా బావ గుమ్మంలో కనిపిస్తే మా మామగారు ముందు లోపలికి వెళ్లి కుళాయిలన్నీ బిగించి వచ్చాకే పలకరిస్తారు.

బావంటే మా అక్క భర్త. భూగర్భజలాల ఆఫీసులో ఉద్యోగం. హోదా పేరు పొడుగ్గా ఉంటుంది గానీ చేసే పని ఒక్క ముక్కలో చెప్పొచ్చు: నేల కింద నీళ్లు ఎంత లోతులో ఉన్నాయో కొలిచి రావడం. ఆయన తెచ్చిన అంకెల్ని కంప్యూటర్లోకి ఎక్కించే గుమాస్తాని నేను. ఆయన ఎండలో తిరుగుతాడు, నేను ఫ్యాను కింద కూర్చుంటాను. "అంకెను కనేది నేను, నువ్వు ఉత్త దాదివి" అని ఆయన దెప్పుతాడు. "కనడం ఒక్కరోజు పని, పెంచేవాళ్లను అడుగు కష్టమేంటో" అని నేనంటాను. బావా బామ్మర్దులం ఒకే ఆఫీసులో పడితే పని ఎలా సాగుతుందని మమ్మల్ని చాలామంది అడిగారు. పోట్లాడుకుంటూనే ఇరవయ్యారేళ్లు సాగింది.

బావి అనగానే గిలక, చేద, బొక్కెన ఊహించుకోకండి. ఆయన కొలిచే బావి పిడికిలి దూరేంత ఇనప పైపు. నేలలోకి దించి, పైన మూతపెట్టి, తాళం వేసి ఉంటుంది. దాన్లోంచి ఎవరూ చుక్క నీరు తోడరు. చూడ్డానికే అది. అలాంటివి మా పరిధిలో నలభై ఎనిమిది. వాటికి పేర్లు లేవు, నంబర్లే. మూడు ఆసుపత్రి వెనక, పదకొండు బస్సుల షెడ్డులో, ఇరవై రెండు ఒక రిటైరైన మాస్టారి పెరట్లో. ఆ మాస్టారు ఒక ఆట చదరంగం ఆడితే గానీ గేటు తాళం తీయడు. మూడు నెలలకోసారి బావ ఈ నలభై ఎనిమిదీ తిరిగి రావాలి. ఏడాదికి రెండుసార్లు చుట్టుపక్కల వాడకంలో ఉన్న బోర్ల నీళ్లు సీసాల్లో పట్టి ప్రయోగశాలకు పంపాలి. పట్టబోయే నీళ్లతోనే సీసాను మూడుసార్లు తొలిచి నాలుగోసారి నింపాలని రూలు. బావ నాలుగుసార్లు తొలిచేవాడు. ఎందుకంటే, "నువ్వు ఎక్కించేటప్పుడు ఎలాగూ ఒకసారి మురికి చేస్తావుగా" అనేవాడు.

కొలిచే పద్ధతి పాతది. ఉక్కు టేపు చివర ఒక ఇత్తడి కప్పు బోర్లించి కట్టి ఉంటుంది. దాన్ని పైపులోకి దించుతూ పోవాలి. కప్పు మూతి నీటిని తాకగానే అడుగున 'టప్' మని ఒక చప్పుడు పుడుతుంది. కొంచెం లేపి, మళ్లీ దించి, ఆ చప్పుడు సరిగ్గా ఎక్కడ పుడుతోందో పట్టుకుని, పైపు అంచు దగ్గర టేపు మీద వేలు నొక్కి అంకె చదవాలి. టేపుకు సుద్ద రాసి దించి, ఎంతవరకు తడిసిందో చూసే పద్ధతి కూడా ఉంది గానీ, లోతు పైపుల గోడలు ఎప్పుడూ తడే. సుద్ద దారిలోనే కొట్టుకుపోతుంది. పది మీటర్ల లోతులో ఆ 'టప్' ఎవరికైనా వినిపిస్తుంది. ముప్పై మీటర్ల అడుగున, పక్కన లారీలు పోతుండగా వినాలంటే మాత్రం మా బావే దిక్కు. మోకాళ్ల మీద కూర్చుని, పైపుకు చెంప ఆనించి, కళ్లు మూసుకుని, "ష్" అనేవాడు. ఒకసారి తనిఖీకి వచ్చిన పై అధికారిని కూడా అలాగే "ష్" అన్నాడు. ఆ పెద్దమనిషి నోటి మీద వేలేసుకుని పది నిమిషాలు ఎండలో నిలబడ్డాడు.

ఆఫీసులో అందరూ ఆయన్ని 'చెవిగారు' అని పిలిచేవాళ్లు. ఆయనకు ఆ పిలుపంటే ప్రాణం.

ఆయన నోటుపుస్తకంలో ప్రతి అంకె పక్కనా రిమార్కుల గడి ఒకటి ఉంటుంది. కొలవలేకపోతే కారణం అందులో రాయాలి. ఆ గడి చదవడమే నా ఉద్యోగంలో ఉన్న ఏకైక వినోదం. "మూత కింద తేనెటీగలు. వెళ్లమంటే వెళ్లలేదు." "ఇంటివారు తాళంచెవి పట్టుకుని పెళ్లికి వెళ్లారు." "పైపులో ఎవరో గోళీలు వేశారు. ఎన్నో తెలియదు." ఇరవయ్యారేళ్లలో "ఒంట్లో బాగాలేదు" అని గానీ "వాన వల్ల వెళ్లలేదు" అని గానీ ఒక్కసారి రాయలేదు. తప్పు ఎప్పుడూ బావిది, తాళానిది, తేనెటీగలది. కొలిచే మనిషిది కాదు.

రెండు నెలల కింద మా ఆఫీసుకు కొత్త మిషన్లు ఆరు వచ్చాయి. టేపు చివర ఇత్తడి కప్పుకు బదులు సన్నటి ముల్లు ఉంటుంది. అది నీటిని తాకగానే పైన టేపు చుట్టే చక్రంలో ఉన్న బజరు కీచుమంటుంది, పక్కన మినపగింజంత ఎర్ర దీపం వెలుగుతుంది. మిట్టమధ్యాహ్నం ఎండలో ఆ దీపం వెలిగినా ఒకటే, ఆరినా ఒకటే. అసలు పని బజరుది. మా ఇంజనీరమ్మ ఒక మిషన్ తెచ్చి స్వయంగా బావ చేతిలో పెట్టింది. నాకంటే పదేళ్లు చిన్నది, ఓపికలో నాకంటే పది రెట్లు పెద్దది ఆవిడ.

"నీళ్లు నాతో నేరుగా మాట్లాడుతున్నాయి మేడం, మధ్యలో ఈ దుబాసీ ఎందుకు?" అన్నాడు బావ. అన్నాడే గానీ తీసుకెళ్లాడు. నాలుగు రోజుల తర్వాత తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. దానికి ఒక చీటీ కట్టి ఉంది. "బజరు మూగది. మార్పించగలరు."

"ఆడలేక మద్దెల ఓడన్నాడట నీలాంటివాడే" అన్నాను నేను. ఆఫీసంతా నవ్వింది. బావ కూడా నవ్వాడు. అందరికంటే కొంచెం ఆలస్యంగా నవ్వాడు. అది నాకు ఇప్పుడు గుర్తొస్తోంది. అప్పుడు నేను గమనిస్తే కదా! మిషన్‌ను బీరువాలో పడేసి మర్చిపోయాను.

ఈలోపు ఒక దరఖాస్తు వచ్చింది. నీళ్ల ట్యాంకర్లు నడిపే కంపెనీవాళ్లు మిట్ట మీద మూడు వీధుల వెనక ఉన్న ఖాళీ జాగాలో పెద్ద బోరు వేసుకుంటాం, అనుమతి ఇవ్వండి అన్నారు. రోజుకు నలభై ట్యాంకర్లు నింపుతారట. ఆ మూడు వీధులకూ తాగడానికి, వాడుకోవడానికి ఉన్నవి చిన్న చిన్న బోర్లే. రూలు ప్రకారం దగ్గర్లో ఉన్న కొలత బావిలో నీటిమట్టం నిలకడగా ఉంటే అనుమతి ఇవ్వొచ్చు, దిగుతూ ఉంటే కూడదు. ఆ దగ్గరి బావి పదిహేడు. మిట్ట మీద ఉంది కాబట్టి మా నలభై ఎనిమిదిలోకీ అదే లోతైనది. మిగతావన్నీ ఇరవై మీటర్లలోపే నీరు చూపిస్తాయి, అదొక్కటే ముప్పై దాటుతుంది.

సోమవారం పొద్దున ఇంజనీరమ్మ నన్ను తన గదిలోకి పిలిచింది.

"పదహారో నంబరు ఏడాదిలో రెండు మీటర్లు దిగిందండీ. పద్దెనిమిది రెండున్నర దిగింది. మధ్యలో పదిహేడు మాత్రం కదల్లేదు. పైగా ఆ వీధుల బోర్లలో ఉప్పు పెరుగుతోందని ప్రయోగశాల వాళ్లు రాశారు. మట్టం దిగకుండా ఉప్పెందుకు పెరుగుతుంది?"

నిజానికి ఆ సంగతి నేనూ చూశాను. అంకెలు ఎక్కించేది నేనేగా. అటూ ఇటూ మెట్లు దిగుతున్న గీతల మధ్య పదిహేడో గీత చాప పరిచినట్టు పడుకుని ఉంది. చూసి, ఏదో రాతి పొర అడ్డముండి ఉంటుందిలే అనుకుని టీ తాగడానికి వెళ్లాను.

"మేడం, మీరు భూమినైనా అనుమానించండి గానీ మా బావ చెవిని అనుమానించకండి" అన్నాను.

ఆవిడ కాగితాలు ఫైల్లో పెట్టి, "సరే. గురువారం మీటింగులో ఇవే అంకెలు పెడతాను" అంది.

మర్నాడు మధ్యాహ్నం బీరువా సర్దుతుంటే ఆ మూగ మిషన్ కనబడింది. అది చేసిన కంపెనీకి తిప్పి పంపాలంటే ఒక ఫారం నింపాలి, దాని మీద బావ సంతకం కూడా కావాలని కబురు పెట్టాను. అందులో 'లోపం పరీక్షించినవారు' అని ఒక గడి. చూడకుండా సంతకం పెట్టడం ఎందుకులే అని, ఆఫీసు వెనక చేతులు కడుక్కునే చోటికి తీసుకెళ్లి బకెట్లో ముల్లు ముంచాను.

అది కెవ్వుమంది.

నేను ఉలిక్కిపడి బయటికి లాగాను. గోల ఆగింది. మళ్లీ ముంచాను. మళ్లీ కెవ్వుమంది. ఏ లోపమూ లేదు దానికి. చెవుల్లో తూట్లు పడేలా అరుస్తోంది. మూడోసారి ముంచి, అలాగే పట్టుకుని తలెత్తేసరికి బావ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. నాకూ ఆయనకూ మధ్య రెండడుగుల దూరం ఉంటుందేమో.

"ఫారం మీద నా సంతకం కూడా కావాలన్నావట. ఎక్కడ పెట్టాలి?" అన్నాడు జేబులోంచి పెన్ను తీస్తూ.

మిషన్ అరుస్తూనే ఉంది. లోపలి నుంచి టైపు చేసే ఆవిడ, "ఆ గోలేంటండీ బాబూ, ఆపండి!" అని కేకేసింది.

బావ ఆవిడ కేసి తిరిగి, "ఏ గోల?" అన్నాడు.

అప్పుడు ఆయన నా చేతికేసి చూశాడు. ఆ మూల నీడగా ఉంటుంది. చక్రం మీద ఎర్ర దీపం చక్కగా వెలుగుతోంది. దీపం చూశాడు, బకెట్ చూశాడు, నా మొహం చూశాడు. పెన్ను మూతపెట్టి మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.

"రేపు పొద్దున బండి తియ్యి. పదిహేడుకు వెళ్దాం" అని వెళ్లిపోయాడు.

సాయంత్రం ఆఫీసు నుంచి నేరుగా అక్క దగ్గరికి వెళ్లాను. బావ అప్పటికి ఇంటికి రాలేదు. అక్క ఇంట్లోనే బట్టలు కుడుతుంది. ఎవరిదో గౌను కుచ్చిళ్లు పెడుతూ, నేను చెప్పిందంతా కుట్టుమిషన్ ఆపకుండానే విన్నది.

"తెలిసిందా నీకు? ఇన్నాళ్లకా?" అంది.

"అంటే నీకు ముందే తెలుసా?"

"మధ్యాహ్నం కునుకు తీసేటప్పుడు కుళాయి చుక్క పడితే చాలు, లేచి వెళ్లి బిగించి వచ్చేవారు. రెండేళ్లయింది ఆయన లేవడం మానేసి. నేనే లేచి బిగిస్తున్నా."

"నాకు ఒక్క మాట చెప్పొచ్చుగా అక్కా!"

"చెబితే ఏం చేస్తావురా? ఆఫీసులో ఒక సామెత వేస్తావు. అందరూ నవ్వుతారు."

ఆ దెబ్బ తగలాల్సిన చోటే తగిలింది. మద్దెల సామెత బావ ఇంటికొచ్చి ఆవిడకు చెప్పాడని అప్పుడు అర్థమైంది.

"మాటలు బాగానే వినిపిస్తాయిరా. సన్న చప్పుళ్లు, కీచు చప్పుళ్లే పోయాయి. ఆయనకు తెలుసని నాకు తెలుసు. నాకు తెలుసని ఆయనకు తెలుసు. ఆ మాట ఇద్దరి మధ్యకీ రాకుండా జాగ్రత్తగా కాపురం చేసుకుంటున్నాం." దారం కొరికి, గౌను దులిపి చూసుకుంది. "నువ్వేం చేస్తావో నాకు తెలీదు. నలుగురిలో మాత్రం ఆయన తల దించుకునేలా చెయ్యకు. అంతే."

నా పథకం నేను వేసుకున్నాను. గుమాస్తా బుర్రకు వేరే ఏం తడుతుంది? రిమార్కుల గడి ఉందిగా. 'పైపులో పూడిక చేరినందున పాత కొలతలు నమ్మదగినవి కావు' అని ఒక్క వాక్యం రాస్తే సరి. అంకెలు పోతాయి, అనుమతి ఆగుతుంది, బావ పరువు నిలుస్తుంది. పాము చావాలి, కర్ర విరగకూడదు. ఎంత తెలివైనవాణ్నో అనుకుంటూ ఇంటికెళ్లి హాయిగా పడుకున్నాను.

బుధవారం పొద్దున బండి మీద బావ నా వెనక కూర్చున్నాడు. ఒళ్లో పాత టేపు, భుజాన కొత్త మిషన్. నేను రెండు జోకులు వేశాను. గాలికి పోయాయి.

పదిహేడో పైపు ఒక ఇస్త్రీ కొట్టు వెనక ఉంటుంది. కొట్టు నడిపే ఆవిడకు మేమిద్దరం బాగా తెలుసు. బావను చూడగానే ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి బయటికొచ్చింది.

"మీ పైపులో నీళ్లు బాగానే ఉన్నాయంటగా అన్నా! మరి మా కుళాయికేమో దగ్గు పట్టుకుంది. పావుగంట దగ్గి దగ్గి ఒక చెంబు నీళ్లు కక్కుతోంది. అవీ ఉప్పగానే ఉంటున్నాయి. బట్టల మీద చల్లి పెట్టె పెడితే తెల్లటి చారలు పడుతున్నాయి. మొన్న ఒకాయన కొత్త చొక్కా తెచ్చి నా మొహాన కొట్టాడు." గొంతు కొంచెం తగ్గించి, "మా వెనక ఇంకో పెద్ద బోరు వేస్తారటగా? పైపు సరేనంటే వేసేస్తారట. నిజమేనా అన్నా?" అంది.

బావ తాళం తీసి, మూత పక్కన పెట్టి, మోకాళ్ల మీద కూర్చున్నాడు. మిషన్ కేసి చూడకుండా ముందు పాత టేపే అందుకున్నాడు. చెంప పైపుకు ఆనించాడు. కళ్లు మూసుకున్నాడు. "ష్" అన్నాడు.

నేను కూడా పక్కన గొంతుక్కూర్చున్నాను. ముప్పై మీటర్లు దాటింది. ముప్పై ఒకటి దాటింది. ఆయన ఇన్నాళ్లూ రాసిన అంకె ముప్పై ఒకటీ ఇరవై. అక్కడ ఏ చప్పుడూ లేదు. టేపు దిగుతూనే ఉంది. ముప్పై రెండు. ముప్పై మూడు. ముప్పై నాలుగు దాటాక అడుగున ఎక్కడో సన్నగా, స్పష్టంగా 'టప్' మన్నది. నాలాంటి దద్దమ్మకే వినిపించింది. బావ మొహంలో ఏ మార్పూ లేదు. కనుబొమ్మలు ముడేసుకుని, ఇంకా వింటూ, ఇంకా దించుతున్నాడు. కప్పు మునిగి నీటి లోపలికి పోతోంది. ఆయన వింటూనే ఉన్నాడు.

నాకు ఏడుపొచ్చింది. చెప్పడానికి సిగ్గేముంది. చెయ్యి చాపి టేపు మీద వేశాను. బావ కళ్లు తెరిచాడు.

"పలికిందా?"

"పలికింది బావా."

"ఎంతసేపయింది?"

"ఇందాకే."

ఆయన తలూపి టేపు పైకి చుట్టాడు. గుడ్డతో తుడుస్తూ కప్పు లోపలంతా శుభ్రం చేశాడు, తొందరేమీ లేనట్టు. ఆ తర్వాత మిషన్ తీసి ముల్లు దించడం మొదలుపెట్టాడు. దీపం కనబడాలిగా. ఇస్త్రీ ఆవిడ ఒక దుప్పటి తెచ్చి మా ఇద్దరి తలల మీదా కప్పింది. ఆ చీకట్లో ఇద్దరం చక్రం కేసి చూస్తూ కూర్చున్నాం. బజరు మోగడం, దీపం వెలగడం ఒకేసారి అయ్యాయి. నేను విన్నాను, ఆయన చూశాడు. మూడుసార్లు లేపి మూడుసార్లు దించాడు. ముప్పై నాలుగూ అరవై రెండు. నేను చెవులారా విన్న అంకె ఇది. ఏడాదిలో మూడున్నర మీటర్లు పడిపోయింది.

దుప్పటి కిందే ఉండి, చక్రం మీద చూపు తిప్పకుండా చెప్పాడు బావ.

"మిగతాచోట్ల నీళ్లు పైనే, చప్పుడు ఇంకా అందుతోంది. ఇక్కడ మాత్రం మూడు కొలతలు తప్పురా. మొదటిసారి నిజంగానే విన్నాననుకున్నా. కప్పు పైపు గోడకు తగిలుంటుంది. రెండోసారి ఎంతసేపు కూర్చున్నా ఏమీ వినబడలేదు. కిందటిసారిది చూసి, దాని పక్కనే ఇంకోటి రాశాను. మూడోసారి సగం దించి లాగేశా. రాయబోయే అంకె ఇంటి దగ్గరే అనుకుని వచ్చాను."

"బావా..."

"ఈ మిషన్ ఇచ్చిన రోజు ముందు ఇక్కడికే పట్టుకొచ్చాను. ఎవరికీ చెప్పకుండా. ఇది కూడా పలకలేదు. ఎంత సంతోషమేసిందో తెలుసా? పాడైపోయింది ఇదే, నేను కాదు అనుకున్నా."

నేను దుప్పటి తీసేశాను. ఎండ మొహాన కొట్టింది. ఇదే అదను అని నా పథకం బయటపెట్టాను. "పూడిక చేరిందని రాసేద్దాం. ముప్పై ఒకటో నంబరుకు కిందటేడు అలాగే రాశాంగా. ఎవరడుగుతారు?"

"ముప్పై ఒకటి నిజంగా పూడింది." ఆయన మూత బిగించి తాళం వేసి, దాని మీద అరచేత్తో రెండుసార్లు తట్టాడు. "దీన్నెందుకు ఆడిపోసుకుంటావు? ఇది చెప్పాల్సింది చెబుతూనే ఉంది."

ఆఫీసుకు రాగానే ఇంజనీరమ్మ గదిలోకి ఒక్కడే వెళ్లాడు. తలుపు మూసుకుంది. గోడలకు చెవులుంటాయంటారు గానీ నాకేం వినబడలేదు. అరగంట తర్వాత బయటికొచ్చి నా పక్కన కుర్చీ వేసుకు కూర్చున్నాడు.

"ఏమంది?"

"చెవి డాక్టరు దగ్గరికి వెళ్లమంది. కొలతలు మాత్రం మానొద్దంది. దీపం చూసి కొలవమంది. గొడుగు ఆఫీసు వాళ్లే ఇస్తారట. పదిహేడు తెరువు."

తెరిచాను. మూడు అంకెలూ ఆయన చెప్పగానే చెరిపేశాను. మూడు ఖాళీ గడులు మిగిలాయి, పక్కన మూడు రిమార్కుల గడులు. కర్సర్ అక్కడ మినుకుమినుకుమంటోంది. నేను నీళ్లు నమిలాను. "అనారోగ్య కారణాల వల్ల అని పెడతాను బావా. మర్యాదగా ఉంటుంది."

"ఎవరికి అనారోగ్యం? నాకు జ్వరమొచ్చిందా?" అన్నాడు. "రాయి. కొలిచే మనిషికి చప్పుడు వినిపించలేదు."

రాశాను. తర్వాతి రెంటికీ అదే నకలు పెట్టబోయాను. నా మణికట్టు పట్టుకున్నాడు.

"మూడూ ఒకటి కాదు. మొదటిదానికి, వేరే చప్పుడు విని పొరపాటు పడ్డాను అని రాయి. రెండోదానికి ఇప్పుడు రాసింది పెట్టు. మూడోదానికి, సరిగా కొలవకుండానే రాశాను."

ఇరవయ్యారేళ్ల నోటుపుస్తకాల్లో కొలిచే మనిషి ఆ గడిలోకి రావడం అదే మొదటిసారి. తేనెటీగలూ తాళంచెవులూ గోళీల సరసన, తప్పు ఒప్పుకుని నిలబడ్డాడు. అక్క వద్దన్నది ఇదే. ఆపడం నా చేతుల్లో ఉంటే ఆపేవాణ్ని.

గురువారం మీటింగుకు బావ కొత్త చొక్కా వేసుకొచ్చాడు. ఇద్దరం వెనక గోడకు ఆనుకుని కూర్చున్నాం. ట్యాంకర్ల కంపెనీ మనిషి ముందు వరసలో కాలు మీద కాలేసుకుని ఉన్నాడు. ఇంజనీరమ్మ గొంతు అసలే మెత్తన. పైగా ఆ గదిలో ఫ్యాన్లు గోల పెడుతుంటాయి. ఆవిడ పదిహేడో బావి వరస చదివింది. మూడు రిమార్కులూ ఒక్క అక్షరం మింగకుండా చదివింది. కంపెనీ మనిషి గట్టిగా నవ్వి, "ఇదేం కారణమండీ, ఎక్కడైనా ఉందా?" అన్నాడు. ఒకరిద్దరు అతనితో కలిసి నవ్వారు. ఆవిడ నవ్వలేదు. నవ్వులు ఆగేదాకా కాగితం పట్టుకుని ఆగింది. ఆగాక, నిన్నటి కొలత చదివింది. పదహారు, పద్దెనిమిది పక్కన పెట్టి చూపించింది. ఇస్త్రీ ఆవిడ వాళ్ల వీధి బోరు నీళ్లలో ఉప్పు ఎంతో చదివింది. మట్టం కోలుకునేదాకా ఆ మిట్ట మీద కొత్త బోరు మాట ఎత్తొద్దని తేల్చేశారు. కంపెనీ మనిషి కాలు దించాడు.

బావ మోచేత్తో నన్ను పొడిచాడు. "ఏమన్నారు? నవ్వారెందుకు?"

గుసగుసలు ఆయనకు అందవని నాకిప్పుడు తెలుసు. నవ్వు సంగతి వదిలేసి, ఆయన నోటుపుస్తకం చివరి పేజీలో రాసి ఒళ్లో పెట్టాను. 'బోరు లేదు. 34.6 ఒప్పుకున్నారు.'

బావ కళ్లజోడు సర్దుకుని ఆ కాగితం కేసి చాలాసేపు చూశాడు. కళ్లు తుడుచుకుంటాడేమో అనుకుని నేను మొహం అటు తిప్పుకున్నాను. అంతలో నా జేబులోంచి పెన్ను లాక్కున్నాడు. నేను రాసిన ఆరు పక్కన రెండు వేశాడు.

"ఈ రెండు సెంటీమీటర్లు ఎక్కడ పారబోశావురా?" అన్నాడు.